పాసవ్వని సి.ఎ. గారి అమ్మాయి

టాటానగర్ భాలుబాసాలో దిగి సి.ఎ. గారి ఇల్లెక్కడని అడగండి. పాన్ డబ్బా అతను మొదలుకొని బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ దాకా ఎవరైనా వేలు పెట్టి చూపిస్తారు. ఆకుపచ్చ గేటు, చిన్న వరండా, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆ ఇల్లు నాదే. నేను మాత్రం సి.ఎ. కాను. ఫైనల్లో మొదటి గ్రూపు గట్టెక్కాను. రెండో గ్రూపు ఏడుసార్లు రాశాను, ఏడుసార్లూ పోయింది. తర్వాత రాయడం మానేశాను. ఈ సంగతి నాకు తెలుసు, మా ఆవిడకు తెలుసు. మూడో మనిషికి తెలియదనుకుంటూ ముప్పై ఏళ్లు గడిపాను.

నేను సి.ఎ.నని ఎవరికీ నా నోటితో చెప్పలేదు. అది మాత్రం ఒట్టేసి చెప్పగలను. ఇక్కడి కాంట్రాక్టు ఆఫీసుల్లో ఒక అలవాటుంది. హెల్మెట్ పెట్టుకున్న ప్రతివాడూ ఇంజనీర్ సాబ్, లెక్కల బల్ల ముందు కూర్చున్న ప్రతివాడూ సి.ఎ. సాబ్. మా యజమానికి జీతం పెంచడం కన్నా పేరు పెంచడం ఇష్టం. నేను చేరిన మొదటి నెలలోనే బయటినుంచి వచ్చినాయనతో "యే హమారే సి.ఎ. సాబ్" అన్నాడు. కాదండీ అనబోయాను. ఆయన అప్పటికే చెయ్యి చాపాడు, నేను పట్టుకున్నాను. ఆ వారమే మా నాన్న చెవిన పడింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఖలాసీగా చేసి రిటైరైన మనిషి ఆయన. "మావోడు సియ్యే అయిపోనాడు" అని రామమందిరం దగ్గర అందరికీ లడ్డూలు పంచేశాడు. ఆ లడ్డూలు నేనెలా వెనక్కి తీసుకోను?

అప్పటినుంచి ఆదివారం పొద్దున్న మా వరండాకు జనం రావడం మొదలైంది. టాటానగర్ స్టేషన్లో చేసే మనవాళ్లు, బిర్సానగర్‌లో ఉంటూ కాంట్రాక్టు పనులు చేసుకునేవాళ్లు ఫారాలు పట్టుకొచ్చేవారు. పెన్షన్ కాగితాలు, స్కూలు అడ్మిషన్లు, బ్యాంకు దరఖాస్తులు. ప్రతి కాగితాన్నీ తిరగేసి వెనక చూసేవాణ్ణి, వెలుతురుకు పట్టి చూసేవాణ్ణి, తప్పులు చెప్పేవాణ్ణి. జిరాక్సుల మీద అటెస్టేషన్ సంతకం పెట్టమంటే మాత్రం పెట్టేవాణ్ణి కాను. తెలిసినవాళ్లకు అటెస్ట్ చెయ్యకూడదు, రూలు ఒప్పుకోదు అనేవాణ్ణి. అలాంటి రూలు ఉందో లేదో నాకు తెలియదు. సంతకం కింద వెయ్యడానికి నా దగ్గర మెంబర్‌షిప్ నంబర్ లేదు, అంతే. జనం దాన్ని నిజాయితీ కింద జమకట్టేశారు. సొంత బావమరిది కాగితం మీద కూడా సంతకం పెట్టని నిక్కచ్చి మనిషినని నాకు పేరొచ్చింది.

ఆ పేరు మోసేవాడికి నిద్ర తక్కువ, అనుమానం ఎక్కువ. పెళ్లిలో ఎవరైనా "తమరు ఏ బ్యాచ్ అండీ?" అంటే మంచినీళ్ల వంకతో లేచిపోయేవాణ్ణి. విశాఖపట్నం నుంచి వచ్చిన చుట్టాల్లో ఒక సి.ఎ. ఉన్నాడని తెలిస్తే మొదటి పంక్తిలోనే భోంచేసి బయటపడేవాణ్ణి. ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వుతున్నాడనిపించేది. ఆఫీసులో కొత్తవాళ్లు చేరితే వాళ్ల సర్టిఫికెట్లు నేనే పరీక్షించేవాణ్ణి, అదీ భూతద్దం పెట్టి. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. లేని సర్టిఫికెట్ ఉన్నవాడు ఉన్న సర్టిఫికెట్లను అంత గట్టిగా అనుమానించడం ఏమిటో!

అలాంటి రోజుల్లో మా ఆఫీసుకు, ఏ వస్తువు తయారీకి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టే కాస్ట్ అకౌంటెంట్ ఒకతను వచ్చాడు. మావాడే, రైల్వే కుటుంబం, ముప్పై దాటిన మనిషి. మొదటిరోజే "బాబాయ్" అని వరస కలిపేశాడు. నాకు నచ్చలేదు. వరస కలిపేవాడు రేపు బ్యాచ్ కూడా అడుగుతాడు. పైగా కాస్ట్ చదువంటే నాకు చులకన. సి.ఎ. గడప దాటలేనివాళ్లు దొడ్డిదారిన దూరే చదువని నా లెక్క. ఆ రోజుల్లో అలాంటి చదువులు పుట్టగొడుగుల్లా లేచాయి. విదేశీ మేనేజ్‌మెంట్ అకౌంటెన్సీ అని ఒకటి, ఆరు నెలల టాక్స్ డిప్లొమా అని ఇంకొకటి, కంప్యూటర్ అకౌంట్స్ కోర్సు అని మరొకటి. పేరు చివర అక్షరాలు ఎక్కువైన కొద్దీ నా అనుమానం ఎక్కువయ్యేది. వాటిలో కొన్ని నిజంగానే కాగితానికి తప్ప దేనికీ పనికిరావు, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టాను.

అతను వచ్చిన వారానికి వాచీ, నోటుబుక్కు పట్టుకొని షెడ్డులోకి దిగాడు. మాది ప్లాంటుకు కావలసిన ఇనుప ఫ్రేములు, ఖనిజం జారే చూట్లు తయారుచేసే పని. వెల్డర్ల పక్కన స్టూలు వేసుకొని రోజంతా కూర్చున్నాడు. ఎనిమిది రోజులు అదే వరస. వీడు నామీద నిఘా పెట్టడానికి వచ్చాడనుకున్నాను. టీ తాగే వంకతో రెండుసార్లు షెడ్డులోకి వెళ్లి అతని నోటుబుక్కులోకి తొంగిచూశాను. గంటలూ నిమిషాలూ తప్ప ఏమీ కనబడలేదు. చివరికి యజమాని ముందు ఒక కాగితం పెట్టాడు. మేము బాగా మిగులుతోందనుకునే చిన్న బ్రాకెట్ల పనిలోనే మునుగుతున్నామని తేల్చాడు. వాటిని కట్టలుగా ఎత్తే క్రేన్ కోసం మనుషులు గంటలకొద్దీ ఖాళీగా నిలబడుతున్నారట. ఇరవై ఏళ్లుగా ప్రతి ఓచరునూ అటూ ఇటూ తిప్పి చూసినవాణ్ణి. నిలబడ్డ గంటలకు ఓచరుండదు. ఆ సంగతి నాకు ఒక్కసారైనా తట్టలేదు.

ఆ సాయంత్రం అతను నా బల్ల దగ్గరికొచ్చాడు. "బాబాయ్, మీ లెక్కల్లో ఒక్క తప్పు నేదు. అందుకే నా పని సుళువైపోనాది" అన్నాడు. మెచ్చుకున్నాడో పొడిచాడో తెలియక వారం రోజులు కొట్టుకున్నాను. రెండేళ్లకు అతను పెద్ద జీతం మీద వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. హమ్మయ్య అనుకున్నాను. ఈ ఊరికి, ఈ ఇనుముకు అతని చదువు ఎంత అవసరమో ఆ రెండేళ్లలో కళ్లారా చూశాను. చూసి కూడా నోరు మూసుకున్నాను. తర్వాత చేసిన పాపానికి తెలియక చేశానన్న వంక నాకు లేదు.

మా అమ్మాయి బి.కాం. పాసైన ఎండాకాలంలో బిష్టుపూర్ బజారు నుంచి ఒక రంగుల కాగితం పట్టుకొచ్చింది. కాస్ట్ అకౌంటెన్సీ కోచింగ్ తాలూకు ప్రకటన.

"నాన్నా, నేను ఇది సేత్తాను. ఇక్కడ అన్నీ ఫ్యాక్టరీలే కదా, హర్ జగహ్ కాస్టింగ్‌వాలా చాహియే, అందరికీ కావాలి" అంది.

కాగితం తిరగేశాను. వెనక ఉద్యోగాలొచ్చినవాళ్ల ఫొటోలున్నాయి. ఒకే కుర్రాడు రెండు చోట్ల ఉన్నాడు, టై మాత్రమే మారింది. నాకు కావలసింది దొరికింది.

"సూడు, ఇదీ వీళ్ల యవ్వారం. ఇయ్యన్నీ డూప్లికేట్ సదువులు. సేత్తే సి.ఎ. సెయ్యి" అన్నాను.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నావైపు ఒక చూపు చూసింది. నేను ఆ చూపు తప్పించుకొని ప్రకటనను నాలుగు మడతలు పెట్టేశాను. నిజానికి నా భయం ఆ కోచింగ్ వాళ్ల గురించి కాదు. ఆ చదువు మంచిదని ఒప్పుకుంటే, ఏడుసార్లు తలబాదుకునే బదులు నేనెందుకు చదవలేదని నన్ను నేను అడగాల్సి వస్తుంది. ఇంకో ఆశ కూడా ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. తను పాసైతే ఇంట్లో ఒక నిజమైన సి.ఎ. ఉంటుంది, గేటు దగ్గర నిలబడి పిలిచే పిలుపు అబద్ధం కాకుండా పోతుంది.

తను ఎదురుచెప్పలేదు. సి.ఎ.కి రిజిస్ట్రేషన్ ఫారం నింపుకొని, కాపీలు పట్టుకొని నా దగ్గరకే వచ్చింది. అటెస్ట్ చెయ్యమంది. ఇంట్లోనే సి.ఎ. ఉండగా బయటికి పోవడమెందుకు?

"కన్నోళ్లు సంతకం ఎట్టకూడదమ్మా, రూలు ఒప్పుకోదు" అన్నాను.

బిష్టుపూర్లో తెలిసిన ఒక లేడీ ఆడిటర్ దగ్గరికి పంపాను. ఆవిడే తర్వాత తనను ట్రైనింగుకు కూడా తీసుకుంది. మూడేళ్ల ట్రైనింగు సరిగ్గా చేసింది. ఫైనల్లో మొదటి గ్రూపు వచ్చింది. రెండో గ్రూపు దగ్గర ఆగిపోయింది.

ఫలితాలొచ్చిన సాయంత్రం వరండాలో నా పక్కన కూర్చొని అడిగింది.

"నీకు సెకండ్ గ్రూప్ ఎన్నోసారికి వచ్చింది నాన్నా?"

"అప్పటి పద్ధతి వేరమ్మా" అన్నాను.

ఆర్నెల్లకు మళ్లీ పోయింది, మళ్లీ అదే అడిగింది. అప్పటి పేపర్లు వేరన్నాను. మూడోసారీ పోయింది. మళ్లీ అడిగింది. తలనొప్పిగా ఉందని లోపలికి వెళ్లిపోయాను. పిల్ల నన్ను ఎందుకు ప్రతిసారీ అదే ప్రశ్న అడుగుతోందో ఆలోచించలేదు. కాగితం వెనక కూడా చూసే మనిషిని, కన్నకూతురి ప్రశ్న వెనక ఏముందో చూడలేదు.

తనతో చదివినవాళ్లు ఉద్యోగాల్లో కుదురుకున్నారు. తను సన్నబడిపోయింది. మా ఆవిడ ఒకరోజు అన్నం వడ్డిస్తూ గరిటె గిన్నెలో గట్టిగా పెట్టింది. "మీరేనా సెప్పండి, నేదంటే నాను సెప్పీత్తాను" అంది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ కోపం మా ఆవిడ మీద చూపించాను, రెండు రోజులు మాటలు లేవు. ఆవిడ మాత్రం చెప్పలేదు.

తర్వాత మా అమ్మాయి శని, ఆదివారాలు ఆటో ఎక్కి బిష్టుపూర్ వెళ్లడం మొదలుపెట్టింది. లైబ్రరీకి అనేది. పుస్తకాలకు పాత క్యాలెండర్ కాగితాలతో అట్టలు వేసేది. నేను గదిలోకి వస్తే ఫోను బోర్లా పెట్టేది. "హాఁ, సబ్మిట్ కర్ దియా" అని ఎవరితోనో మెల్లగా అనడం విన్నాను. నా అనుమానానికి మేత దొరికింది. ఆటో అతన్ని అడిగాను, ఎక్కడ దింపుతున్నావని. బ్యాంకు పక్క సందులో అన్నాడు. ఆ సందులో లైబ్రరీ లేదు.

ఒక శనివారం ఆఫీసుకు సెలవు పెట్టి, టోపీ ఒకటి పెట్టుకొని, ఆ సందు ఎదుట టీ కొట్లో కూర్చున్నాను. అరవైకి దగ్గరపడ్డ మనిషి టోపీ పెట్టుకొని కూతురి కోసం కాపు కాయడం ఎంత నవ్వులాటగా ఉంటుందో నాకు తెలియక కాదు. నాలుగు టీలు తాగాను. మధ్యాహ్నం ఎదురుగా ఉన్న మెట్ల మీదినుంచి మా అమ్మాయి దిగింది. పక్కన మా పాత కాస్ట్ అకౌంటెంట్. అతను ఏదో చెప్తున్నాడు, తను గట్టిగా నవ్వుతోంది. రెండేళ్లుగా ఆ నవ్వు మా ఇంట్లో వినలేదు. తల ఎత్తి చూస్తే మేడ మీద బోర్డు కనబడింది. కొన్నేళ్ల కిందట నేను నాలుగు మడతలు పెట్టిన ప్రకటన మీది పేరే. శని, ఆదివారాలు అతను అక్కడ పాఠాలు చెప్తున్నాడన్నమాట.

ఇద్దరిమీదా కోపం, అంతకన్నా ఎక్కువ భయం. అతను నా బల్ల మీద రెండేళ్లు కళ్లు పెట్టుకొని ఉన్నవాడు. నా గురించి ఏం పసిగట్టాడో, ఏం చెప్పాడో? అడిగితే తనూ ఏదో ఒకటి అడుగుతుంది. ఇంటికొచ్చి టోపీ అలమరలో పడేసి, ఏమీ చూడనట్టే ఉండిపోయాను. ఆ ఏడాది తను నాలుగోసారి సి.ఎ. పరీక్ష రాసింది, పోయింది. ఎప్పటిలాగే వచ్చి పక్కన కూర్చొని, ఎన్నోసారికి వచ్చింది నాన్నా అంది. ఆ మేడ మెట్ల మీద తన పక్కన ఎవరున్నారో చూశాను కాబట్టి, ఇది నన్ను పరీక్షించడానికి వేసిన ప్రశ్న అని మొదటిసారి అనుమానం వచ్చింది. మాట తప్పించాను.

పోయిన సంవత్సరం వానలు తగ్గాక ఒక ఆదివారం. వరండాలో ఆఖరి మనిషి కాగితాలు సర్దుకొని వెళ్లిపోయాడు. నేను కళ్లద్దాలు తీయబోతుంటే మా అమ్మాయి వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఒడిలో ఫైలు.

"నాదీ ఒక ఫారం ఉంది. చెక్ కర్ దో" అంది.

ఆదిత్యపూర్ వైపు ఒక కంపెనీ తాలూకు జాయినింగ్ ఫారం అది. కాస్ట్ ఆఫీసర్. చదువు దగ్గర కాస్ట్ అకౌంటెన్సీ, ఫైనల్ పాస్ అని రాసుంది. కింద సర్టిఫికెట్ కాపీ. జీతం నేను ముప్పై ఏళ్లకు అందుకున్నదానికంటే ఎక్కువే. చేతులు అలవాటు కొద్దీ కాగితాన్ని తిప్పాయి, వెలుతురుకు పట్టాయి. ఎక్కడా తప్పు లేదు. సంతోషం ముంచుకొచ్చింది, దానితోపాటు ఏడుపూ వచ్చింది. రెండూ మింగి కిందికి చదువుకుంటూ పోయాను. తండ్రి వృత్తి అన్న గడి దగ్గర ఆగాను.

తన గుండ్రటి అక్షరాలతో 'అకౌంటెంట్' అని రాసింది.

భాలుబాసా మొత్తంలో నన్ను అలా రాసినవాళ్లు ఎవరూ లేరు. గడి మీద వేలు అలాగే ఉండిపోయింది.

"ఆ కాస్ట్ అకౌంటెంట్ సెప్పేడా?" అన్నాను.

"సార్ ఏటీ సెప్పలేదు. నిన్ను మాటనడం కూడా ఆయనకి ఇష్టం లేదు" అంది.

"మరి అమ్మా?"

"అమ్మ కూడా కాదు. నాన్నా, అప్పుడు నువ్వు అటెస్ట్ సెయ్యనన్నావు కదా. కన్నోళ్లు సెయ్యకూడదని ఎక్కడా లేదు. ఆ సాయంత్రం ఫోన్లో సి.ఎ. మెంబర్ల లిస్టు తెరిచి నీ పేరు వెతికేను. మూడుసార్లు వెతికేను."

మా కాలంలో ఆ జాబితా లావుపాటి పుస్తకం, ఆడిటర్ల ఆఫీసుల్లో అద్దాల బీరువాలో ఉండేది. ఇప్పుడది ప్రతివాడి జేబులోనూ ఉంటుందన్న సంగతి, ఊరందరినీ అనుమానించిన నాకు తట్టనే లేదు. అంటే మొదటిరోజు నుంచే తనకు తెలుసు. మొదటి ఫెయిలుకు ముందే తెలుసు.

"తెలిసీ మరి నన్నెందుకు అడిగేవు? ఎన్నోసారికి వచ్చిందని, ప్రతిసారీ?"

"నువ్వు సెప్తావేమోనని."

నావైపే చూస్తూ, కోపం లేకుండా చెప్పింది. "ఒక్కసారి నాకూ రాలేదమ్మా అని నువ్వంటే చాలు, ఆ రోజే మానేద్దామనుకున్నాను. కాస్ట్ పుస్తకాలు అప్పటికే కొనుక్కున్నాను. కానీ నీకు సెప్పకుండా ఎలా మానను? నువ్వు అనలేదు. అందుకే మళ్లీ రాసేను."

ఒక్కొక్క పరీక్షా నా కళ్లముందు కదిలింది. ఆర్నెల్ల చొప్పున, హాల్ టికెట్టు, పొద్దున్నే దేవుడి దగ్గర నిలబడ్డ పిల్ల, సాయంత్రం ఫోన్లో ఫలితం తెరిచే వేళ్లు. ఆ పరీక్షలు తను సి.ఎ. కోసం రాస్తోందని నేననుకున్నాను.

"నాకూ రాలేదమ్మా" అన్నాను. ముప్పై ఏళ్ల మాట నోట్లోంచి ఇంత తేలిగ్గా వస్తుందని తెలిస్తే ఎప్పుడో అనేవాణ్ణి. "ఏడుసార్లు రాసేను. రాలేదు."

తను తల ఊపింది. ఫారం నా చేతిలోంచి మెల్లగా తీసుకుని ఫైల్లో పెట్టుకుంది. లేచి లోపలికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"మూడోసారికైనా సెప్పుంటే బాగుండేది నాన్నా" అంది. "నాలుగోది శానా కష్టమైంది."